పాటియా మీది పేరు

సూరత్ నగరానికి తూర్పు వైపున పర్వత్ పాటియా అనే పేట ఉన్నది. తెలుగువారికి ఆ పేరు వినగానే కొండ గుర్తుకు వస్తుంది. మాకూ అలాగే వచ్చింది. బదిలీ ఉత్తర్వు అందుకొని, టౌన్‌షిప్‌లో క్వార్టరు ఖాళీ లేక, అద్దె ఇంటి కోసం వెదుకుతూ అక్కడ ఆటో దిగిన రోజున నాలుగు దిక్కులా తేరిపార చూశాము. కొండ మాట దేవుడెరుగు, గుట్ట కూడా కనిపించలేదు. మా అయోమయం చూసి ఇంటి యజమాని నవ్వి విషయం విడమరచాడు. పర్వత్ అనేది లోపల ఉన్న పాత ఊరి పేరు. పాటియుం అంటే గుజరాతీలో పలక. రోడ్డు మీద ఊరి వైపు తిరిగే మలుపులో పేరు వ్రాసిన పలక నిలబెడతారు గనుక అటువంటి చోటును పాటియా అనడం అక్కడి వాడుక. పలకలో ఊరు ఉండదు. ఊరు ఎటు ఉన్నదో పలక చెబుతుంది, అంతే.

వృత్తిరీత్యా మేము ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరులము. కంప్యూటరు మాకు పెళ్ళయిన తరువాత వచ్చిన విద్య. యూనిక్స్ వ్యవస్థలో డివైస్ ఫైలు అంటే ఏమిటో పుస్తకంలో చదివినప్పుడు అర్థమైనట్లే ఉండి అర్థం కాలేదు. ఆ ఇంటి యజమాని మాటతో సగం, 2001వ సంవత్సరపు వానాకాలంలో ఒక రాత్రి జరిగిన సంఘటనతో తక్కిన సగం బోధపడింది. ఆ సంఘటనలో తప్పు ఎవరిదన్న విషయమై మేము మూడు రోజులు నోరు విప్పలేదు. ఆ సంగతి కూడా ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాము.

ముందు సాంకేతిక విషయం. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు బెల్ లేబొరేటరీస్‌లో 1969 నుంచి రూపొందించిన యూనిక్స్‌లో ఒక విశేషం ఉన్నది. ప్రింటరు, టెర్మినలు, డిస్కు, టేపు, ఇవన్నీ ప్రోగ్రామునకు ఫైళ్ళ వలెనే కనిపిస్తాయి. ఫైలును తెరిచినట్లే సీరియల్ పోర్టును తెరవవచ్చు, చదవవచ్చు, వ్రాయవచ్చు. 1974లో వారిద్దరూ ప్రచురించిన ప్రసిద్ధ పత్రంలోనే ఈ ప్రత్యేక ఫైళ్ళ ప్రస్తావన ఉన్నది. సి భాషలో ప్రోగ్రాము వ్రాసేవానికి ఇది ఎంత సుఖమో, అంతకు మునుపు ఒక్కొక్క యంత్రానికి ఒక్కొక్క తీరున తిప్పలు పడినవారికే తెలుస్తుంది.

అయితే ఆ ఫైలులో ఏమున్నది? ఏమీ లేదు. డివైస్ ఫైలులో ఉన్నది రెండు అంకెలు మాత్రమే. మొదటిది మేజర్ నంబరు. కెర్నెల్‌లోని ఏ డ్రైవరును పిలవాలో అది చెబుతుంది. రెండవది మైనర్ నంబరు. ఆ డ్రైవరు చేతి కింద ఉన్న వాటిలో ఎన్నవదో చెబుతుంది. లినక్స్‌లో మొదటి సీరియల్ పోర్టు 4, 64. మొదటి స్కజీ డిస్కు 8, 0. ఎంత వ్రాసినా మింగివేసి, చదవబోతే వెంటనే ఫైలు అయిపోయిందని చెప్పే నల్ డివైసు 1, 3. ఫైళ్ళ జాబితా వేసి చూస్తే మామూలు ఫైలుకు ఎన్ని బైట్లో చూపించే చోట డివైస్ ఫైలుకు ఈ రెండు అంకెలు కనిపిస్తాయి. పరిమాణం లేని వస్తువుకు పరిమాణం ఎక్కడ నుంచి వస్తుంది?

ఇటువంటి పలకను నాటే సిస్టం కాల్ పేరు ఎంకే నోడ్. మేక్ నోడ్ అనే మాటలకు పొట్టి రూపం. దానికి మూడు విషయాలు ఇవ్వాలి. మొదటిది పేరు. రెండవది రకమూ, అనుమతులూ కలిపిన సంఖ్య. మూడవది మేజర్, మైనర్ నంబర్లను మేక్ డెవ్ అనే మాక్రోతో కలపగా వచ్చిన సంఖ్య. చూడటానికి ఒక్క వరుస. కాని ఆ వరుసలో జారిపడే చోట్లు చాలా ఉన్నవి. ఉదాహరణకు క్యారెక్టర్ రకంలో 1, 3 అంటే నల్. బ్లాక్ రకంలో అవే అంకెలు వ్రాస్తే అది మెమరీలో ఏర్పడే ర్యామ్ డిస్కులలో ఒకటి అవుతుంది. అసలు రకమే వ్రాయడం మరిచిపోతే లినక్స్ తప్పు పట్టదు. నోరు మూసుకొని ఒక మామూలు ఖాళీ ఫైలును తయారు చేసి ఇస్తుంది. పని జరిగినట్లే ఉంటుంది. డ్రైవరే లేని అంకెలు ఇచ్చినా పలక నాటుకుంటుంది. తరువాత ఎవరైనా దానిని తెరవబోయినప్పుడు గాని ఆ చిరునామాలో ఎవరూ లేరన్న సంగతి బయటపడదు.

పేరున్న గొట్టం వంటి ఫైఫోకు అక్కరలేదు గాని, డివైస్ ఫైలును ఈ కాల్‌తో సృష్టించాలంటే రూట్ అధికారం కావాలి. ఎందుకంటే మామూలు వినియోగదారుడు తన సొంత డైరెక్టరీలో 8, 0 అంకెలతో ఒక పలక నాటుకొని, దానికి అందరికీ అనుమతి ఇచ్చుకుంటే, డిస్కు మీద ఉన్న ప్రతి ఒక్కరి ఫైలునూ అడ్డదారిన చదువుకోగలడు. పేరు ఎక్కడ ఉన్నదన్నది కెర్నెల్ పట్టించుకోదు, అంకెలే దానికి ముఖ్యం. ఈ అధికారం మా ప్రోగ్రామునకు ఉండటమే మా కథకు మూలం.

అప్పటి మా యూనిట్‌లో ఫీల్డు నుంచి వచ్చే పీడనం, ఉష్ణోగ్రతల రీడింగులను నమోదు చేయడానికి ఒక పర్సనల్ కంప్యూటరు ఉండేది. ప్లాంటును నడిపే కంట్రోలు వ్యవస్థ వేరు, ఇది వేరు. ఇది కేవలం లెక్క వ్రాసుకొనే గుమాస్తా. 8 సీరియల్ పోర్టుల కార్డు, దాని మీద లినక్స్, దాని మీద మేము సి భాషలో వ్రాసిన ప్రోగ్రాము. ఆ ప్రోగ్రాము మీద మాకు కొంత గర్వం కూడా ఉండేదని ఒప్పుకోవాలి. సీరియల్ పోర్టులకు విడివిడిగా అనుమతులు సరిచేసే ఓపిక లేక, దానిని రూట్‌గా నడిపించాము. ఆ రోజుల్లో ఎంతమంది అలా చేయలేదు కనుక!

రాత్రి షిఫ్టులో దానిని చూసుకొనే కాంట్రాక్టు ఆపరేటరు మా పేట కుర్రవాడే. పర్వత్ పాటియా నుంచి లింబాయత్ వరకు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నవి. ఎక్కువమంది తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పని కోసం వలస వచ్చిన పద్మశాలీలు. సందులోకి అడుగు పెడితే సాంచాల చప్పుడు, ఆ చప్పుడులోనే తెలుగు మాటలు. నగరపాలక సంస్థ వారి పిల్లల కోసం తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడుపుతుంది. ఈ కుర్రవాడు అటువంటి బడిలో చదివి, గుజరాతీ నేర్చుకొని, డిప్లొమా పూర్తి చేసి, మా వద్ద కాంట్రాక్టు మీద చేరాడు. వాళ్ళ ఇంట్లో సాంచె దిగి వేరే పనికి పోయిన మొదటివాడు అతడే. సాయంత్రాలు మా వరండాలో కూర్చొని సి భాష నేర్చుకొనేవాడు. మా చేతివ్రాత బాగోలేదని ఒకసారి మొగమాటం లేకుండా చెప్పాడు కూడా.

ఆ రాత్రి పది గంటలు దాటాక అతని నుంచి ఇంటికి ఫోను వచ్చింది. డిస్కులో జాగా తగ్గిపోతున్నదని, ఏమి చేయమంటారని అడిగాడు. బయట వాన, మాకు నిద్ర. డీబగ్ వివరాలు ఇప్పుడు మనకు అక్కరలేదు, ఆ ఫైలు పేరు బదులు నల్ పేరు ఇచ్చి ప్రోగ్రామును మళ్ళీ మొదలుపెట్టమని చెప్పి పడుకున్నాము. అతడు అక్షరాలా అదే చేశాడు. లాగు పుస్తకంలో సమయం వేసి, ఇచ్చిన ఆదేశాన్ని పూర్తిగా వ్రాసి, కింద సంతకం కూడా పెట్టాడు.

ఉదయం వెళ్ళేసరికి డిస్కు నిండిపోయి ఉన్నది. రాత్రి పదిన్నర తరువాతి నుంచి ఒక్క రీడింగు నమోదు కాలేదు. ప్రోగ్రాము మాత్రం ఏ ఇబ్బందీ లేనట్లు తెర మీద అంకెలు చూపిస్తూ నడుస్తూనే ఉన్నది. ఏ ఫైలు అంత పెరిగిందా అని వెదికితే, పరిమాణమే ఉండకూడని నల్ వందల మెగాబైట్ల లావున పడి ఉన్నది. జాబితాలో దాని వరుస మొదట ఉండవలసిన క్యారెక్టర్ గుర్తు లేదు, అడ్డగీత ఉన్నది. 1, 3 అంకెలు లేవు. పాటియా పీకివేసి ఎవరో ఆ స్థలంలో చెత్తకుప్ప పోశారు.

ఎవరు? ప్రోగ్రామును ఆపించి, ఆ దొంగ ఫైలును తుడిచివేయకుండా పేరు మార్చి పక్కన పెట్టాము. ఆ పేరుతో ఇంకొకటి ఉండగా ఎంకే నోడ్ కొత్తదానిని నాటదు గనుక పేరు ఎలాగూ ఖాళీ చేయాలి. షెల్‌లో ఆదేశంగా కూడా ఈ పని చేయవచ్చు. కాని ఇకపై యంత్రం లేచిన ప్రతిసారి పరీక్షించే ఏర్పాటు ఉండాలని, పది వరుసల సి ప్రోగ్రాము వ్రాశాము. స్టాట్ కాల్‌తో నల్ వివరాలు తెప్పించుకొని, అది క్యారెక్టర్ డివైసేనా, అంకెలు 1, 3 అవునా అని చూడటం. కాకపోతే పక్కకు తప్పించి కొత్తది నాటడం. ఇక్కడ ఒక చిక్కు. స్టాట్ రెండు డివైస్ సంఖ్యలు ఇస్తుంది. ఒకటి ఆ పేరు ఏ డిస్కు మీద కాపురం ఉంటున్నదో చెప్పేది, రెండవది ఆ పేరు ఏ యంత్రాన్ని సూచిస్తున్నదో చెప్పేది. మొదటిసారి మేము తప్పుడు దానిని చూసి అరగంట తల పట్టుకున్నాము. మా కుర్రవాని తండ్రికి సూరత్‌లో ఒక చిరునామా, వరంగల్లు జిల్లాలో ఒక చిరునామా ఉన్నట్లే ఇదీనని తరువాత తోచింది. ఉంటున్న చోటు వేరు, ఎక్కడివారంటే చెప్పే ఊరు వేరు.

నల్ మళ్ళీ వచ్చింది, అంతా బాగున్నదనుకున్నాము. గంటలోపే వేరే విభాగం నుంచి ఫిర్యాదు: మామూలు వినియోగదారులు ఏది నడిపినా అనుమతి లేదంటున్నదని. కాల్‌లో మేము ఇచ్చిన అనుమతి 0666. కాని ప్రాసెస్‌కు ఉన్న ఉమాస్క్ 022, ఆ మేరకు వ్రాసే అనుమతిని తీసివేసి 0644గా నాటింది. రూట్ తప్ప మరెవ్వరూ నల్‌లోకి వ్రాయలేరు. కాల్‌కు ముందు ఉమాస్క్ సున్నా చేయాలి, లేదా తరువాత సీహెచ్‌మోడ్ చేయాలి. మాన్యువల్‌లో స్పష్టంగా వ్రాసి ఉన్న సంగతే. చదివి కూడా ఉన్నాము.

మధ్యాహ్నానికి విచారణ మొదలైంది. నెలవారీ నివేదికలో తొమ్మిది గంటల ఖాళీ ఉన్నది కదా, ఎవరో ఒకరు సమాధానం చెప్పాలి. లాగు పుస్తకం తెరిచారు. నల్ పేరుతో ఆదేశం ఇచ్చినవాని సంతకం కనిపించింది. సాయంత్రానికి ముసాయిదా సిద్ధమైంది: కాంట్రాక్టు ఆపరేటరు అజాగ్రత్తగా సిస్టం ఫైలును తొలగించినందువలన నష్టం జరిగినది. అతనిని మరునాటి నుంచి డ్యూటీకి రావద్దన్నారు.

ఆ రాత్రి ఆ దొంగ ఫైలును తెరిచి చూశాము. మొదటి వరుసలో మా ప్రోగ్రాము పేరు, దాని కింద వెర్షను అంకె, మేము ముచ్చటపడి పెట్టుకున్న శీర్షిక. సోర్సు తెరిచాము. డీబగ్ ఫైలు తెరిచే చోట, పాత ఫైలు ఉంటే ముందు అన్‌లింక్ చేసి, తరువాత కొత్తది సృష్టించమని వ్రాసి ఉన్నది. పేరు ఏదైనా సరే. వ్రాసింది మేమే. మామూలు వినియోగదారుడుగా నడిచి ఉంటే కెర్నెల్ ఆ అన్‌లింక్‌ను తిరస్కరించేది. రూట్‌గా నడిపించింది మేమే. డిస్కు నిండినప్పుడు రైట్ కాల్ జాగా లేదని చెబుతూనే ఉన్నది. దాని జవాబు చూడకుండా ముందుకు పోయిన వరుస కూడా మాదే. ఆపరేటరు ఏ ఫైలునూ తొలగించలేదు. మేము ఫోనులో చెప్పిన పేరు టైపు చేశాడు, అంతే.

తెలిసిన తరువాత మరునాడు వెళ్ళి చెప్పవలసింది. చెప్పలేదు. ఆ రోజుల్లో మా ప్రమోషన్ ఇంటర్వ్యూ దగ్గరపడింది. ముసాయిదా ఇంకా ముసాయిదాయే కదా, చల్లబడుతుందేమో చూద్దామనుకున్నాము. రెండవ రోజూ అంతే. మూడవ రోజు సాయంత్రం కుర్రవాడు వరండాలోకి రాలేదు. మేమే వాళ్ళ ఇంటికి వెళ్ళాము.

కింద సాంచాలు, మీద రెండు గదులు. కుర్రవాడు తల వంచుకొని నిలబడ్డాడు. "నేను తుడవలేదు సార్. మీరు ఫోన్ల చెప్పిన పేరే కొట్టిన. బుక్కుల గూడ రాసిన" అన్నాడు. వాళ్ళమ్మ "కూసోండ్రి సారూ" అని చాప వేసి టీ ఇచ్చింది. తండ్రి అప్పుడే షిఫ్టు దిగి వచ్చాడు, భుజాల మీద నూలు దూది ఇంకా ఉన్నది. కొడుకు మీద కోపంతో ఉన్నాడేమో అనుకున్నాము. ఆయన అడిగింది వేరు.

"మిషను ఆగలేదంట గద సారూ?"

ఆగలేదన్నాము.

"పేక తెగితే సాంచె దానంతటదే ఆగాలె. ఆగకుంట ఉత్తగనే నడిచిందంటే నడిపెటోన్ని ఏమంటం? ఫోర్కు ఎవలు బిగిచ్చిండ్రో ఆళ్ళను అడగాలె."

మరమగ్గంలో పేక పోగు ఉన్నదో లేదో ప్రతి దెబ్బకూ తడిమి చూసే చిన్న ఫోర్కు ఒకటి ఉంటుంది. పోగు తగలకపోతే అది మగ్గాన్ని ఆపివేస్తుంది. ఆయన ఎవరినీ ఎత్తిపొడవలేదు. ఆ ప్రోగ్రాము వ్రాసింది మేమేనని ఆయనకు తెలియదు. కుర్రవానికి తెలుసు. అతడు మా వైపు చూడలేదు.

ఆ రాత్రే నోటు వ్రాశాము. సోర్సులోని మూడు వరుసలను జతపరచి, దొంగ ఫైలు మొదటి పేజీ ముద్రించి పెట్టి, లోపం ప్రోగ్రాములోనిది, ఆదేశం మాది, ఆపరేటరు చేసినది ఆదేశ పాలన మాత్రమే అని వ్రాశాము. మా పై అధికారి చదివి, ఇది ఇవ్వకుండా ఉండవచ్చునే అన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు. ఫలితంగా మాకొక మెమో వచ్చింది. ప్రమోషన్ ఆ సంవత్సరం రాలేదు. దానికీ దీనికీ సంబంధం ఉన్నదో లేదో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. కుర్రవాడు వారం తరువాత డ్యూటీకి వచ్చాడు. ఆ వారం జీతం మాత్రం అతనికి ఇప్పించలేకపోయాము.

వచ్చిన మొదటి రోజు ఇద్దరమూ కలిసి ప్రోగ్రామును విప్పాము. అన్‌లింక్ తీసివేసి, ఉన్న ఫైలును ఉన్నట్లే తెరిచి, అది మామూలు ఫైలు అయితేనే ఖాళీ చేసే పద్ధతి పెట్టాము. రైట్ ఇచ్చే జవాబును ప్రతిసారి చూసి, తేడా వస్తే గంట మోగించి ఆగిపోయేటట్లు చేశాము. ఆ భాగానికి అతడు పెట్టిన ఫంక్షను పేరు 'పేక తెగింది'. ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు మాట. మేము మార్చలేదు. సీరియల్ పోర్టులకు ఒక గ్రూపును ఏర్పరచి, ప్రోగ్రాము నుంచి రూట్ అధికారం తొలగించాము. అనుకున్నంత కష్టమేమీ కాలేదు, ఒక పూట పట్టింది.

ఇప్పుడు పరిస్థితులు చాలా మారినవి. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్‌తో మేజర్‌కు 8 బిట్లు, మైనర్‌కు 8 బిట్లు అన్న ఇరుకు పోయి, 12 బిట్లు, 20 బిట్లు వచ్చినవి. కనుకనే రెండు అంకెలను చేత్తో జరిపి కలపకుండా ఆ పని మాక్రోకు వదిలివేయాలని కొత్తవారికి చెబుతుంటాము. యూడెవ్ వచ్చింది. 2009 చివరి 2.6.32 కెర్నెల్ నుంచి డెవ్ టీఎంపీఎఫ్ఎస్ అనే ఏర్పాటు ద్వారా కెర్నెలే మెమరీలో ఈ పలకలు నాటుకుంటున్నది; యంత్రాన్ని ఆపి మొదలుపెడితే పోయిన నల్ దానంతటదే తిరిగి వస్తుంది. మా రోజుల్లో డిస్కు మీద పోయినది పోయినట్లే ఉండేది. అందువలన నేటి ఇంజనీరుకు ఎంకే నోడ్‌ను చేత్తో పిలిచే అవసరం అరుదు. చిన్న ఎంబెడెడ్ బోర్డులకు రూట్ ఫైల్ సిస్టం తయారు చేసేవారు, సొంతంగా డ్రైవరు వ్రాసి పరీక్షించేవారు మాత్రం ఇప్పటికీ పిలుస్తారు. వారికి కూడా ఉమాస్క్ మాటు వేసి కూర్చొనే ఉంటుంది.

మొన్న పాత ఫ్లాపీల నుంచి ఎప్పుడో సీడీలోకి ఎక్కించుకున్న ఆ పది వరుసల ప్రోగ్రాము కనిపించింది. సరదాకు ఇంట్లోని యంత్రం మీద కంపైల్ చేశాము. మేక్ డెవ్ ఎవరో తెలియదని చెప్పింది. 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.28 నుంచి ఆ మాక్రో పాత హెడరు ద్వారా రావడం మానివేసింది. సిస్ మాక్రోస్ అనే హెడరును విడిగా చేర్చాలి. ఒక్క వరుస కలిపాము, తయారైంది. నల్ జోలికి పోకుండా వేరే డైరెక్టరీలో వేరే పేరుతో 1, 3 పలక నాటి, అందులోకి ఒక ఉత్తరం వ్రాసి చూశాము. మింగివేసింది.

ఆ సంతోషం ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి కుర్రవానికి ఫోను చేశాము. కుర్రవాడంటున్నాము గాని అతనికిప్పుడు కళ్ళజోడు వచ్చింది. సూరత్‌లోనే ఎలక్ట్రానిక్ జకార్డు మగ్గాలకు కంట్రోలర్లు అమర్చే పని సొంతంగా చేసుకుంటున్నాడు. పర్వత్ పాటియాలోనే ఇల్లు. వెనుక నుంచి మగ్గాల చప్పుడు వినిపిస్తున్నది. మేము చెప్పినదంతా ఓపికగా విని ఒకే ఒక ప్రశ్న వేశాడు.

"ఉమాస్క్ సున్నా చేసిండ్రా సార్?"

ఫోను పట్టుకొనే వెళ్ళి జాబితా వేసి చూశాము. 0644.